పగడపు తొట్టికి లవణాలు

పగడం మనకు క్రొత్త వస్తువు కాదు. నవరత్నాలలో దానికి స్థానం ఉన్నది. ముత్యాల నడుమ పగడాలను గ్రుచ్చి మెడలో వేయడం మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్న అలంకారం. ఉంగరంలో పొదిగే ఆ ఎర్రని పగడం మధ్యధరా సముద్రంలో పుట్టే ఒక జాతి. ఈనాటి ప్రసంగ విషయం దాని దాయాదులు. అంటే ఉష్ణమండల సముద్రాలలో, సూర్యరశ్మి చొరగల లోతులలో, కోట్ల కొలది చిన్న ప్రాణులు కూడి కట్టే ప్రవాళ భిత్తికలు. అట్టి భిత్తిక యొక్క చిన్న ప్రతిబింబాన్ని గాజుతొట్టిలో, ఇంటి వసారాలో, నిలుపుకొనే వినోదం లోకంలో చాల దేశాలలో వ్యాపించి ఉన్నది. తొట్టి, దీపాలు, పంపులు కొన్నంతటితో ఖర్చు తీరిపోయిందని అనుకొనే గృహస్థుకు మూడవ నెలలో అసలు ఖర్చు ఎదురవుతుంది. అది లవణాల ఖర్చు. అంగడిలో సీసా వెంట సీసా కొనలేక ఒక నెల మానివేస్తే, తొట్టిలోని ప్రాణులు ఆ నెలలోనే క్షీణించడం మొదలు పెడతవి. ఆ లవణాలను విడిగా, పొడిరూపంలో, తగిన ధరకు కొని వాడుకొనే విధమేమిటో చెప్పడం నా ఉద్దేశం.

అంతకు ముందు చట్టాన్ని గురించి ఒక మాట. మన దేశంలో లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ - ఈ చోట్ల ప్రవాళ భిత్తికలు ఉన్నవి. గోదావరీ కృష్ణలు తెచ్చే మంచినీరూ ఒండ్రూ కలసే మన తెలుగు తీరంలో అట్టి భిత్తికలు పెరగడానికి అనువు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో రాతి పగడాలను 2001లో చేర్చారు. మన సముద్రాలలో నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. విదేశాలలో పెంచి తెచ్చే రాతి పగడాలకు కూడా సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. 2022లో చట్టానికి జరిగిన సవరణతో అట్టి విదేశీ జాతుల నమోదు కూడా అవసరమైంది. కనుక మన దేశంలో ఉన్నవారు అటవీశాఖ వారిని విచారించి, పత్రాలు చేతికి వచ్చిన తరువాతనే ఈ పనికి పూనుకోవాలి. అమెరికా, జర్మనీ వంటి దేశాలలో స్థిరపడిన మనవారికి ఆ దేశపు అంగళ్లలో తొట్టెలలోనే పెంచిన పగడపు తునకలు న్యాయంగానే దొరుకుతవి.

ఇక పగడానికి లవణం ఎందుకు కావాలో చూద్దాం. పగడపు పురుగు మెత్తని చిన్న ప్రాణి. అది తాను కూర్చుండే రాతి పీఠాన్ని తానే నిర్మించుకొంటుంది. ఆ రాయి కాల్షియం కార్బొనేట్, అంటే మనం ఎరిగిన సున్నపురాయి జాతికి చెందినదే. అందులో అరగొనైట్ అనే స్ఫటికరూపం. ఆ ప్రాణి శరీరంలోనే సూక్ష్మమైన శైవలాలు కాపురముండి, వెలుతురుతో ఆహారం తయారు చేసి దానికి పంచి పెడతవి. వెలుతురు బాగుంటే పెరుగుదల బాగుంటుంది. పెరుగుదల బాగుంటే నీటిలోని సున్నం త్వరగా తరుగుతుంది. సముద్రంలో ఈ తరుగు కనబడదు. తొట్టిలో వారం తిరగకముందే కనబడుతుంది.

సముద్రపు నీటిలో కిలో ఒక్కంటికి సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటవి. అందులో అత్యధిక భాగం మనం తినే ఉప్పే. పగడానికి ముఖ్యమైనవి మూడు. మొదటిది కాల్షియం: లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాములు. రెండవది మెగ్నీషియం: లీటరుకు సుమారు 1300 మిల్లీగ్రాములు. మూడవది క్షారత, ఇది ముఖ్యంగా బైకార్బొనేట్, కార్బొనేట్‌ల మొత్తానికి కొలత. దీనిని జర్మన్ డిగ్రీలలో చెప్పే ఆచారం ఈ వినోదంలో స్థిరపడి పోయింది. సముద్రంలో అది దాదాపు 7 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరు నీటిలో 17.85 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత.

ఇప్పుడు 300 లీటర్ల తొట్టిని ఉదాహరణగా తీసుకొందాం. రాతి పగడాలు చక్కగా పెరుగుతున్న ఆ తొట్టిలో క్షారత రోజుకు 1 డిగ్రీ తగ్గుతున్నదని అనుకొందాం. అంటే ఆ ప్రాణులన్నీ కలసి రోజుకు రమారమి 5.4 గ్రాముల రాయి కట్టుకొంటున్నవన్న మాట. తొట్టిలోని క్షారత మొత్తం 37 గ్రాముల రాతికి సరిపడేంత మాత్రమే. ఇదే వేగంతో ఖర్చైతే ఏడు రోజులలో నిల్వ పూర్తి అవుతుంది. నిజానికి అంతకు చాల ముందే పెరుగుదల ఆగిపోయి ప్రాణులు బాధపడతవి. అదే వారంలో కాల్షియం 420 నుంచి 370కి మాత్రమే దిగుతుంది. రెండూ కట్టే రాతిలో సమపాళ్లలోనే చేరుతున్నా, ఒకదాని నిల్వ పెద్దది, మరొకదాని నిల్వ చిన్నది. ఈ తారతమ్యం తెలియక, కాల్షియం ఒక్కటే కొలిచి బాగానే ఉన్నదని తృప్తిపడి, క్షారత సంగతి మరచి పగడాలను పోగొట్టుకొన్నవారు ఎందరో. క్షారత కొలవడం మొదటి పని. క్రొత్త తొట్టిలో దానిని ప్రతిదినమూ ఒకే వేళకు కొలవాలి.

మెత్తని పగడాలను, అంటే రాతి పీఠం కట్టుకోని జాతులను, మాత్రమే పెంచేవారికి ఈ బాధ అంతగా లేదు. వారానికి కొంత నీరు తీసి, క్రొత్తగా కలిపిన కృత్రిమ సముద్రజలం పోస్తే చాలును. అట్టివారు ఏ లవణమూ విడిగా కొననక్కరలేదు. సీసాలమ్మేవారు ఏమి చెప్పినా సరే. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ ప్రకటించిన పద్ధతి ప్రఖ్యాతమైనది. ఆయన తాజా సముద్రజలమూ, జీవంతో నిండిన సముద్రపు రాళ్లూ, గాలిబుడగలూ తప్ప మరేదీ కోరలేదు. సముద్రం వాకిట ఉన్నవానికి అది చెల్లింది. దూరాన ఉన్నవారు లెక్కకు దిగక తప్పదు.

ఈ లెక్కకు రసాయన శాస్త్రం ఇచ్చే సమాధానం సులభమైనది. 1 గ్రాము కాల్షియం కార్బొనేట్ ఖర్చైనచోట 1.47 గ్రాముల కాల్షియం క్లోరైడ్, 1.68 గ్రాముల వంటసోడా వేస్తే తరుగు సరిగ్గా పూడుతుంది. నేను చెప్పిన కాల్షియం క్లోరైడ్ అణువుకు రెండు నీటి అణువులు అంటుకొని ఉండే రకం. మన 300 లీటర్ల తొట్టికి రోజుకు సుమారు 8 గ్రాముల కాల్షియం క్లోరైడ్, 9 గ్రాముల సోడా. నెలకు 236 గ్రాములు, 270 గ్రాములు. ఇంతే కావలసినది. ఇంటి జమాఖర్చులు వ్రాసేవారు ఈ అంకెలను ఒకసారి వ్రాసిపెట్టుకొంటే అంగడివాని ముందు తడబడరు.

జర్మనీలో హన్స్ వెర్నర్ బాలింగ్ గత శతాబ్దపు చివరి దశకంలో ఈ రెండు ద్రావణాల పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించాడు. నేటికీ దానిని ఆయన పేరనే పిలుస్తారు. అమెరికాలో రసాయన శాస్త్రజ్ఞుడు రాండీ హోమ్స్-ఫార్లీ 2006లో దానిని సామాన్యుని వంటింటికి దించాడు. ఆయన చెప్పిన పాళ్లు మన కొలతలలోకి మారిస్తే ఇట్లా ఉంటవి. మొదటి ద్రావణంలో లీటరుకు 132 గ్రాముల కాల్షియం క్లోరైడ్. రెండవ దానిలో లీటరుకు 157 గ్రాముల వంటసోడా. అయితే దానిని ముందుగా కాల్చాలి. రెంటినీ రోజుకు సమానమైన పరిమాణంలో, మన తొట్టికైతే 60 మిల్లీలీటర్ల చొప్పున, పోస్తూ ఉంటే సరిపోతుంది. అంగడిలో దొరికే రెండు సీసాల మందులలో అనేకం ఈ మాదిరివే. సీసాలో బరువంతా ప్రధానంగా నీరే. దానిని మోసే కూలీ, సీసా ఖరీదు, పైన అంటించిన రంగుల కాగితం, ఇవన్నీ కొనేవాడు ఇచ్చుకొంటాడు. 1 కిలో పొడి కాల్షియం క్లోరైడ్‌తో ఇంటనే ఏడున్నర లీటర్ల ద్రావణం తయారవుతుంది. అది మన తొట్టికి నాలుగు నెలల గ్రాసం.

సోడాను కాల్చడం ఎందుకని అడుగుతారు. వంటసోడా లీటరు నీటిలో 100 గ్రాములకు మించి కరగడం కష్టం. దానిని 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక గంటసేపు ఉంచితే అందులోని నీరు, బొగ్గుపులుసు వాయువు పోయి సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. ఇది బాగా కరుగుతుంది. తొట్టి నీటి పి.హెచ్. విలువను కొంత పెంచుతుంది కూడా. తలుపులు మూసిన ఇంట్లో మనుషుల ఊపిరితో నీటి పి.హెచ్. పడిపోయే చోట్ల ఈ గుణం మేలే చేస్తుంది. ఓవెన్ లేనివారు వెడల్పైన స్టీలు పాత్రలో పలుచగా పరచి, సన్నని సెగమీద కలియబెడుతూ కాల్చవచ్చును. వాయువు వెలువడేటప్పుడు పొడి పాలు పొంగినట్లుగా కుతకుతలాడుతుంది. ఆ కదలిక ఆగిన తరువాత మరికొంత సేపు ఉంచాలి. అల్యూమినియం పాత్రలు పనికిరావు. కాలినదీ లేనిదీ త్రాసే చెబుతుంది: 100 గ్రాముల సోడా 63 గ్రాములకు దిగితే పని పూర్తి అయినట్లు. కాల్చడం వీలుకానివారు సోడాను పచ్చిగానే, రెండు ద్రావణాలనూ సగం గాఢతలో చేసుకొని, రెట్టింపు పరిమాణంలో వాడుకోవచ్చు.

కాల్షియం క్లోరైడ్ కరిగించేటప్పుడు నీరు చురుక్కుమనేటంత వేడెక్కుతుంది. నీటిలో లవణాన్ని కొద్దికొద్దిగా చల్లాలి; లవణం మీద నీరు ఒక్కసారిగా పోయరాదు. పలుచని గాజుపాత్ర పగలవచ్చును. ఆ రెండు ద్రావణాలనూ ఎన్నడూ ఒకచోట కలపరాదు. ఒక గ్లాసులో చెరొక చెంచా పోసి చూడండి, నీరు క్షణంలో పాలవలె తెల్లబడుతుంది. పగడానికి చేరవలసిన సున్నం అడుగున సుద్దగా కూర్చుంటుంది. తొట్టిలో కూడా నీరు వడిగా పారే రెండు వేర్వేరు చోట్ల, కొంత వ్యవధి ఇచ్చి పోయాలి. పంపుతో బొట్లు బొట్లుగా రోజంతా పడేటట్లు చేయగలిగితే మరీ మంచిది. క్షారతను ఒక్క రోజులో 1 డిగ్రీకి మించి ఎక్కించరాదు.

కొనుగోలులో మోసం కంటే తికమక ఎక్కువ. మొదటి తికమక స్ఫటికజలం. కాల్షియం క్లోరైడ్ రేకులుగా వచ్చే రకంలో అసలు లవణం నూటికి 77 పాళ్ల చిల్లర, తక్కినది నీరు. గుళికలుగా వచ్చే రకంలో 94 పాళ్లకు పైగా లవణమే. నేను పైన చెప్పిన 132 గ్రాముల స్థానంలో నీరు లేని శుద్ధరకమైతే 100 గ్రాములే చాలును. చాకలి సోడా విషయంలో ఈ భేదం ఇంకా పెద్దది. పలుగురాళ్లవలె మెరిసే చాకలి సోడాలో నూటికి 63 పాళ్లు నీరే. అది చౌకగా వచ్చిందని కాల్చిన సోడా తూకానికే వేసుకొన్నవాని ద్రావణంలో మూడవ వంతు కంటె కొంచెం ఎక్కువ బలం మాత్రమే ఉంటుంది. పైగా బట్టల సోడాలో వాసనద్రవ్యాలు, నురుగు పదార్థాలు కలిపి ఉండవచ్చు. రెండవ తికమక పేరులోనిది. వంటసోడా వేరు, కేకులకు వాడే బేకింగ్ పౌడరు వేరు. రెండవ దానిలో పులుపు లవణాలూ పిండీ కలసి ఉంటవి. తొట్టిలో వేస్తే నీరు చెడుతుంది. డబ్బా మీద సోడియం బైకార్బొనేట్ అనే ఒకే ఒక పేరు ఉన్నదో లేదో చదివి కొనాలి.

శ్రేణిని గురించి చెప్పాలి. రసాయనాలు సాంకేతికశ్రేణి, ఆహారశ్రేణి, ఔషధశ్రేణి అని పలు తరగతులుగా అమ్ముతారు. పగడపు తొట్టికి ప్రయోగశాలలో వాడే అతిశుద్ధమైన రకం అనవసరం. అందులో డబ్బు వృథా. ఆహారశ్రేణి చాలును. కాల్షియం క్లోరైడును జున్ను తయారీలోనూ, డబ్బాలలో నిల్వచేసే కూరగాయలలోనూ వాడతారు కనుక ఆ శ్రేణి దొరకడం దుర్లభం కాదు. మంచు కురిసే అమెరికా రాష్ట్రాలలో వాకిటి మంచు కరిగించడానికి ఇదే లవణాన్ని పెద్ద సంచులలో అమ్ముతారు. ఫార్లీ తన పాళ్లు చెప్పిన రోజులలో అక్కడివారు ఎందరో ఆ సంచులతోనే తొట్టెలు నడిపారు. నేను దానిని సలహాగా చెప్పను. రోడ్డు కోసం తయారైన వస్తువులో తుప్పు పట్టకుండా కలిపే ద్రవ్యాలు ఉండవచ్చు. ఈ సంచికీ వచ్చే ఏటి సంచికీ పోలిక ఉండకపోవచ్చు.

మన ప్రాంతంలో మరొక ఆకర్షణ ఉన్నది. 2009లో వెనామీ రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చిన తరువాత భీమవరం, కైకలూరు, నెల్లూరు ప్రాంతాలలో చెరువుల మందుల దుకాణాలు విరివిగా పెరిగినవి. ఉప్పదనం తక్కువైన బోరునీటి చెరువులలో పొటాషియం, మెగ్నీషియం కొరవడతవి; అందుచేత రైతులు ఆ లవణాలను బస్తాలతో వేస్తారు. ఆ బస్తా ధర చూసిన తొట్టి యజమానికి ఆశ పుట్టడం సహజం. అక్కడ రెండు రకాల సరుకు ఉంటుందని గుర్తించాలి. ఒకటి మెగ్నీషియం క్లోరైడ్ వంటి ఏకలవణం. మరొకటి మినరల్ మిశ్రమం. అందులో జింకు, మాంగనీసు, రాగి వంటివి కూడా ఉండవచ్చు. ఎకరాల నీటిలో పలుచబడే రాగి 300 లీటర్లలో విషమవుతుంది. వెన్నెముక లేని సముద్రప్రాణులకు రాగిని మించిన శత్రువు తక్కువ. కనుక మిశ్రమాన్ని తాకనే రాదు. ఏకలవణమైనా విశ్లేషణ పత్రం చూపగలిగినవానివద్దనే తీసుకోవాలి. తెచ్చిన తరువాత ఒక చిన్న పరీక్ష చేయవచ్చును: చిటికెడు లవణాన్ని కొద్ది నీటిలో కరిగించి, సున్నపు తేట కలిపి, చేతితో గాలిని ముక్కువైపు విసరుకొని వాసన చూడాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే ఆ సంచి తొట్టికి పనికిరాదు. కరిగించిన నీరు మట్టిరంగుగా ఉన్నా, పైన జిడ్డు తేలినా అంతే.

ఇక మొత్తంగా కొనడం. 25 కిలోల సంచికి కిలో వెల తక్కువ పడుతుందన్నది నిజమే. కాని మన లెక్క ప్రకారం 300 లీటర్ల తొట్టికి సంవత్సరానికి కావలసిన కాల్షియం క్లోరైడ్ 3 కిలోలకు లోపే. 25 కిలోలు ఒక్క తొట్టికి ఎనిమిదిన్నర సంవత్సరాలు వస్తవి. ఈ లవణానికి గాలిలోని తేమను పీల్చుకొని కరిగిపోయే గుణం ఉన్నది. విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో మూతి విప్పిన సంచి ఒక వర్షాకాలంలోనే ముద్దై, పిమ్మట మడుగవుతుంది. అప్పుడు ఎంత తూస్తే ఎంత లవణమో చెప్పే నాథుడు లేడు. అందుచేత ఒంటరిగా ఉన్నవాడు 1 కిలో, 2 కిలోల పొట్లాలు కొనడమే అసలైన పొదుపు. అయిదారు కుటుంబాలవారు చేరి ఒక సంచి తెప్పించుకొని, ఆ రోజే పంచుకొంటే అప్పుడు సంచి ధర లాభిస్తుంది. వంటసోడాకు ఈ చిక్కు లేదు. కిరాణా దుకాణంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు కిలోల లెక్కన దొరుకుతుంది.

మెగ్నీషియం ఖర్చు నెమ్మదిగా జరుగుతుంది. పగడపు రాతిలో అది చేరేది కొద్దిగా మాత్రమే. తొట్టి గోడలను ఊదారంగులో కప్పే సున్నపు నాచు కొంత ఎక్కువ తీసుకొంటుంది. నెలకొకమారు కొలిస్తే చాలును. అది బాగా తగ్గితే నీటిలోని కాల్షియమూ క్షారతా నిలవక, పంపుల మీదా గాజు మీదా సుద్దగా పేరుకొంటవి. అప్పుడు ఎంత కాల్షియం పోసినా అంకె పైకి లేవదు. మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలలో అసలు మెగ్నీషియం నూటికి 12 పాళ్లు. మందుల షాపులో దొరికే భేదిఉప్పులో 10 పాళ్లకు కొంచెం తక్కువ. 300 లీటర్ల తొట్టిలో 1200 నుంచి 1300కు ఎక్కించడానికి 30 గ్రాముల మెగ్నీషియం, అంటే సుమారు 250 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలు కావాలి. దానిని కొన్ని రోజులమీద విడతలుగా వేయాలి. భేదిఉప్పు సులభంగా దొరుకుతుంది గదా అని దానినే ఎల్లకాలం వాడితే నీటిలో సల్ఫేట్ పెరిగిపోతుంది. ఎక్కువ భాగం క్లోరైడూ, పదవ వంతు లోపున భేదిఉప్పూ కలుపుకోవడం మంచి పద్ధతి.

ఇవన్నీ విన్న తరువాత మన పెద్దలకు ఒక సందేహం రావచ్చు: కావలసినది సున్నమే అయితే సున్నమే ఎందుకు వేయరాదు? వేయవచ్చును. జర్మన్ భాషలో కాల్క్‌వాసర్ అనేది మన సున్నపు తేటయే. 1970ల దశకంలో పీటర్ విల్కెన్స్ దానిని పగడపు తొట్టెలకు ప్రచారం చేశాడు. పొడి సున్నం లీటరు మంచినీటికి 2 గ్రాములు వేసి, బాగా కలిపి, తేర్చి, పైతేటను మాత్రం తీసుకొంటారు. లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాములే కరుగుతుంది. తొట్టిలో ఆవిరైపోయిన నీటికి బదులుగా ఈ తేటను రాత్రివేళ బొట్లుబొట్లుగా జారవిడుస్తారు. మన తొట్టిలో రోజుకు 3 లీటర్ల నీరు ఆవిరైతే, ఆ 3 లీటర్ల తేటలోని నాలుగున్నర గ్రాముల సున్నం 6 గ్రాముల రాతికి సరిపడుతుంది. మనకు కావలసినది 5.4 గ్రాములే. అంటే ఇంతటి తొట్టిని సున్నం ఒక్కటే పోషించగలదు. ఇంతకు మించి చౌకైన మార్గం లేదు. పైగా ఇందులో కాల్షియమూ క్షారతా సరిసమానంగా చేరుతవి, మరేమీ మిగలదు. పగడాలు ఇంకా దట్టంగా పెరిగిన తొట్టికి ఆవిరయ్యే నీరు చాలదు. అప్పుడు రెండు ద్రావణాల పద్ధతి తోడు కావాలి.

అయితే తాంబూలపు సున్నం వేయరాదు. అందులో సువాసనలు, రంగులు కలిపి ఉండవచ్చు. వెల్ల వేసే సున్నంలో మట్టి, మెగ్నీషియా మొదలైనవి ఎంత ఉన్నవో తెలియదు. ఆహారశ్రేణి కాల్షియం హైడ్రాక్సైడ్ అని అడిగి కొనాలి. అమెరికాలో దోసకాయ ఊరగాయలకు వాడే సున్నం ఈ తరగతిదే. తేట పి.హెచ్. విలువ 12కు పైన ఉంటుంది. గొట్టం జారి ఒక్కసారిగా తొట్టిలో పడితే అందులోని ప్రాణులన్నీ నశిస్తవి. కంటిలో పడినా ప్రమాదమే. పిల్లలు తిరిగే ఇంటిలో ఆ పాత్రకు తాళం వేయదగినంత జాగ్రత్త అవసరం. ఒకప్పుడు మన్నారు సింధుశాఖలో పగడపు దిబ్బలనే త్రవ్వి సున్నం కాల్చేవారు. ఈనాడు సున్నం తెచ్చి పగడానికి పోస్తున్నాం.

సున్నంలో లేని ఒక దోషం రెండు ద్రావణాల పద్ధతిలో ఉన్నదని ఇంతకు ముందు సూచించాను. కాల్షియం క్లోరైడ్, సోడా కలసి పని ముగించిన తరువాత మామూలు ఉప్పు మిగులుతుంది. మన తొట్టిలో రోజుకు ఆరు గ్రాముల పైచిలుకు, నెలకు దాదాపు 190 గ్రాములు; లీటరుకు 0.6 గ్రాములు. ఒక సంవత్సరం చూడకుండా వదిలితే నీరు ప్రాణాంతకంగా ఉప్పనవుతుంది. అందుచేత ఉప్పదనం వారానికొకమారు కొలిచి, అవసరమైనంత తొట్టినీరు తీసి మంచినీరు పోయాలి. నెలనెలా కొంత నీరు మార్చే అలవాటు ఉన్నవారికి, మార్చే నీటిని కొంచెం తక్కువ ఉప్పుతో కలిపితే ఈ తూకం సరిపోతుంది.

స్ట్రాన్షియం, అయోడిన్, మరి కొన్ని సూక్ష్మధాతువుల పేర అమ్మే చిన్న సీసాలు అన్నిటికంటె ప్రియమైనవి. సముద్రంలో స్ట్రాన్షియం లీటరుకు 8 మిల్లీగ్రాములు. క్రమంగా నీరు మార్చేవారికి కృత్రిమ సముద్రపు ఉప్పులో అది వస్తూనే ఉంటుంది. కొలవలేని దానిని పోయడం కంటె పోయకపోవడం మేలని నా అభిప్రాయం. ఆ సీసాల డబ్బుతో మంచి పరీక్షా సామగ్రి కొనాలి. క్షారత, కాల్షియం, మెగ్నీషియం ఈ మూడింటినీ రంగు మారేవరకు బొట్లు లెక్కించి తేల్చే సామగ్రి దొరుకుతుంది. కళాశాలలో బ్యూరెట్ పట్టినవారికి ఆ పని పరిచితమే. పరీక్షల విషయంలోనూ, రివర్స్ ఆస్మాసిస్ వడపోతతో శుద్ధి చేసిన నీటి విషయంలోనూ పొదుపు చేయరాదు. బోరునీటితో కలిపిన ద్రావణంలో ఆ ఊరి భూమిలోని నైట్రేట్లు, ఫ్లోరైడు అన్నీ తొట్టిలో చేరతవి. ఏమి చేరిందో తరువాత కనుగొనడం కష్టం.

చివరగా నిల్వ. కొన్న దినమే లవణాలను రబ్బరు వాయసరు గల మూత డబ్బాలలోకి మార్చి, ప్రతి డబ్బాపైనా లవణం పేరు, స్ఫటికజలం ఎంత ఉన్నదీ, కొన్న తేదీ వ్రాయాలి. కాల్షియం క్లోరైడూ, కాల్చిన సోడా కూడా తెల్లగానే ఉంటవి. చీటీ లేని డబ్బాలో ఏది ఉన్నదో నిర్ణయించడానికి నాలుకను ఆశ్రయించరాదు. కాల్చిన సోడా డబ్బాను ముఖ్యంగా వంటింటి అలమారలో ఉంచరాదు. ఒక చిన్న పుస్తకంలో రోజూ క్షారత అంకె, పోసిన మిల్లీలీటర్లు, వారానికొకమారు ఉప్పదనం, పదిహేను దినాలకొకమారు కాల్షియం వ్రాసుకోవాలి. పగడాలు పెరిగిన కొలదీ 60 మిల్లీలీటర్లు 70, 80 అవుతవి. ఎప్పుడు మార్చవలసినదీ, తరువాతి పొట్లం ఎప్పుడు కొనవలసినదీ ఆ పుస్తకంలోనే తెలుస్తుంది.